మందు, మాత్ర

తెలుగులో ‘మందు’ అన్న మాటకున్నంత విరివి మరి ఏ రెండక్షరాల మాటకైనా ఉన్నదో లేదో సందేహమే. జ్వరానికి పుచ్చుకొనేది మందు. వరి పైరుకు పట్టిన పురుగును చంపేది మందు. తుపాకిలో కూరేది మందు. సారాయి దుకాణంలో దొరికేదీ మందే. పూర్వం గిట్టనివారు అన్నంలో కలిపి పెట్టేవారని చెప్పుకొన్నది కూడా మందే. గ్రీకు భాషలో ‘ఫార్మకాన్’ అన్న పదానికీ ఇట్టి రెండర్థాలే ఉన్నవి: ఔషధమనీ, విషమనీ. ఆ పదం నుంచి పుట్టిన శాస్త్రమే ఫార్మకాలజీ, అనగా ఔషధశాస్త్రం. వైద్య కళాశాలలో మూడేండ్లు కూర్చుండి ఎం.డి. పట్టా కొరకు ఆ శాస్త్రాన్ని అభ్యసించే విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి సూత్రం తెలుగు రైతు నోట నిత్యమూ పలుకుతూనే ఉన్నది. ఔషధమూ విషమూ రెండు జాతులు కావు. ఒక్కటే వస్తువు, కొలత భేదంతో రెండు పనులు చేస్తుంది.

కొలత అన్న మాట వచ్చింది గనుక మరొక సంగతి. ఛందస్సు చదివినవారికి మాత్ర అంటే ఏమో తెలుసును: లఘువుకు ఒకటి, గురువుకు రెండు. మందుబిళ్ళకు కూడ మాత్ర అనే పేరు. సంస్కృతంలో మాత్ర అంటే పరిమాణం. బిళ్ళను మాత్ర అన్న పూర్వులు, అందులో ముఖ్యమైనది పదార్థం కంటె పరిమాణమేనని గ్రహించి అన్నారో, అలవాటుగా అన్నారో చెప్పలేము గాని, మాట మాత్రం గట్టిది. పదునారవ శతాబ్దంలో ఐరోపాలో పారసెల్సస్ అనే వైద్యుడు ఈ సంగతినే సిద్ధాంతంగా ప్రతిపాదించి పేరు గడించాడు.

బాపట్ల జిల్లా రేపల్లె మండలంలో, కృష్ణ పడమటి ఒడ్డున పెనుమూడి ఉన్నది. తెనాలి నుంచి వచ్చే రైలుమార్గం రేపల్లెతో ఆగిపోతుంది; అక్కడి నుంచి నది వైపు సాగితే ఈ ఊరు. ఎదుటి గట్టున పులిగడ్డ. వారధి ఏర్పడక పూర్వం రెండు గట్ల నడుమ పడవలే దిక్కు. నది చుట్టూ మాగాణి, కాలువలు, మురుగు కాలువలు, నీరు నిలిచిన గుంటలు, దోమలు. ఇట్టి ఊరి నుంచి 1946లో స్థాపితమైన గుంటూరు వైద్య కళాశాలకు పోయి ఔషధశాస్త్రం చదివే విద్యార్థికి, పుస్తకంలోని సూత్రాలకు ఉదాహరణల కొరకు దూరం పోవలసిన పని లేదు. గట్టు మీద మొలిచిన ఉమ్మెత్త ఒకటి చాలును.

ఉమ్మెత్త గింజలు తిన్నవాని లక్షణాలు పల్లెల్లో చాలమందికి తెలుసును. నోరు ఎండిపోతుంది. కంటిపాపలు విచ్చుకొంటాయి. చర్మం పొడిబారి కాలిపోతుంది. గుండె దడదడ కొట్టుకొంటుంది. మతి చలించి, లేని వస్తువులను గాలిలో పట్టుకొనబోతాడు. ఇక చేలో గాలికి ఎదురుగా నిలబడి పురుగుమందు చల్లిన కూలివాని చూడండి, లేదా అప్పుల బాధకు తాళలేక ఆ డబ్బా ఎత్తి తాగిన రైతును చూడండి. ఆ మందు ఆర్గనోఫాస్ఫేటు జాతిదైతే నోటి వెంట చొంగ కారుతుంది. కంటిపాపలు సూదిమొనలంత అవుతాయి. ఒళ్ళంతా చెమటలు. నాడి మందగిస్తుంది. ఊపిరితిత్తులలో నీరు చేరి గురగురమంటుంది. ఒకదాని లక్షణాలకు మరొకటి అద్దంలో తలక్రిందులుగా కనిపించే బొమ్మ వలె ఉన్నది. ఇది కాకతాళీయం కాదు.

నరం కొసన ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం స్రవిస్తుంది. అది గ్రంథుల మీద, గుండె మీద, కంటిపాప కండరం మీద ఉన్న గ్రాహకాలను తాకినప్పుడు ఆయా అవయవాలు పని చేస్తాయి. గ్రాహకమంటే తాళం కప్ప వంటిది. సరిపోయే చెవికే తెరుచుకొంటుంది. నరం ఇచ్చే ఆజ్ఞ ఒక రసాయన పదార్థం ద్వారా చేరుతుందని ఓట్టో లోయీ 1921లో రెండు కప్ప గుండెలతో నిరూపించాడు. ఒక గుండెకు పోయే నరాన్ని కదిలించి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని రెండవ గుండె మీద పోశాడు. నరం తెగిన ఆ రెండవ గుండె కూడ నెమ్మదించింది. స్రవించిన ఎసిటైల్‌కోలిన్‌ను క్షణంలో విరగగొట్టే ఎంజైము ఒకటి దేహంలోనే ఉన్నది. పురుగుమందు ఆ ఎంజైమును పట్టుకొని పని చేయనీయదు. ఇక ఎసిటైల్‌కోలిన్ పోగుపడుతుంది. ప్రతి తాళమూ తెరుచుకొని మూతపడదు. ఉమ్మెత్తలోని హయోసయమీనూ, దానికి దగ్గరి చుట్టమైన ఎట్రోపీనూ అదే తాళం కప్పలో దూరి కూర్చుంటాయి గాని తాళం తీయవు. తీయవు సరికదా, అసలు చెవిని లోనికి రానీయవు. ఇట్టి పదార్థాన్ని ప్రతిరోధకమంటారు. పురుగుమందు తాగినవానికి ఆస్పత్రిలో ఎట్రోపీను ఎక్కించడంలోని మర్మం ఇదే.

విద్యార్థి అసలు చదువు ఇక్కడ మొదలవుతుంది. ఎంత ఎక్కించాలె? పుస్తకంలో ఒక అంకె చూచి అంతే ఎక్కించి ఊరుకొంటే రోగి దక్కడు. తాళం కప్పల కొరకు రెండు చెవులు పోటీ పడుతున్నవి గదా. ఏది ఎక్కువ ఉంటే దానిదే గెలుపు. లోపల ఎంత ఎసిటైల్‌కోలిన్ పోగైనదో బయటివానికి తెలియదు. కనుక ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములతో ఆరంభించి, అయిదు నిమిషాలు చూచి, చాలకుంటే రెట్టింపు, మళ్ళీ చాలకుంటే దానికి రెట్టింపు. ఊపిరితిత్తులలో గురక పోయేవరకు, నాడి నిమిషానికి 80 దాటేవరకు. ఇక్కడ కొలత రోగి రొమ్ము మీద స్టెతస్కోపులో వినబడేది, సీసా మీద వ్రాసియున్నది కాదు. హద్దు మీరితే అదే ఎట్రోపీను రోగిని ఉమ్మెత్త తిన్నవానిగా చేస్తుంది. మంచం మీద లేచి కేకలు వేస్తాడు. ఒక విషానికి మరొక విషాన్ని ఎదురు నిలిపి, రెంటి నడుమ సన్నని గట్టు మీద మనిషిని నడిపించడం ఆ పూట వైద్యుని పని.

ఇంతచేసినా కొన్నిసార్లు రోగి ఊపిరి ఆగిపోతుంది. కారణమేమంటే, ఎసిటైల్‌కోలిన్‌కు తాళం కప్పలు రెండు జాతులు. గ్రంథులలో ఉన్నవి ఒక జాతి, ఎముకలను కదిలించే కండరాలలో ఉన్నవి మరొక జాతి. ఎట్రోపీను మొదటిదానికే సరిపోతుంది. శ్వాస తీయించే కండరాలు చచ్చుబడితే ఎట్రోపీను ఎంత పోసినా లాభం లేదు, శ్వాసయంత్రమే శరణ్యం. మందు దేహమంతటా తిరుగుతుంది గాని, తనకు సరిపడ్డ చోటనే పని చేస్తుందన్న సూత్రం ఇంత కఠినంగా మరి ఎక్కడా బోధపడదు.

ఇది చదివి ఎవరైనా గట్టు మీది ఉమ్మెత్తను విరుగుడుగా వాడబోతే ప్రాణాపాయం. ఒక మొక్కలో ఉన్నంత సత్తువ మరొక మొక్కలో ఉండదు. ఆకులోనూ గింజలోనూ ఒకే పాళ్ళలో ఉండదు. కొలత తెలియని మందు మందు కాదు. మూలికలోని సారాన్ని వేరు చేసి, తూచి, నిర్ణీత పరిమాణంలో అందించడమే ఔషధశాస్త్రం ఆధునికమైనదనడానికి గుర్తు. మన దేశంలో ఆ పనికి ఆద్యులలో ముఖ్యుడు రామనాథ్ చోప్రా. 1921లో కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయంలో ఆయన ఈ శాస్త్రానికి ఆచార్యుడైనాడు. దేశీయ మూలికలను ప్రయోగశాలకు తెచ్చి పరీక్షించాడు.

ఒకప్పటి ఔషధశాస్త్ర ప్రయోగశాలలో మసి పట్టించిన కాగితం చుట్టిన పీపా ఒకటి మెల్లగా తిరుగుతూ ఉండేది. గాజు గిన్నెలో వ్రేలాడదీసిన పేగు ముక్క ముడుచుకొన్నప్పుడల్లా సూది ఆ మసి మీద గీత గీసేది. నేడు జంతువులకు బదులుగా చాలచోట్ల కంప్యూటరు తెర మీదనే ఆ గీతలు చూపుతున్నారు. జంతువులకు మేలే గాని, చేతికి తగిలి నేర్చుకొన్నదానికీ కంటితో చూచి నేర్చుకొన్నదానికీ కొంత భేదం లేకపోలేదు. మసి మీద గీచినా తెర మీద గీచినా ఆ గీత వాలు ఒక్కటే. మందు కొంచెం వేస్తే ఫలం కొంచెం. మధ్యలో ఒక చోట ఫలం చరచర ఎగబ్రాకుతుంది. ఆ తరువాత ఎంత వేసినా పెరగదు. ఎరువు వేసే రైతుకు ఇది కొత్త కాదు. మొదటి బస్తాకు వచ్చినంత దిగుబడి నాలుగవ బస్తాకు రాదు. ఇంకా వేస్తే పైరు మాడిపోతుంది.

మందు దేహాన్ని ఏమి చేస్తుందన్నది ఒక సగం. దేహం మందును ఏమి చేస్తుందన్నది రెండవ సగం. విద్యార్థులు ఎక్కువగా బెదిరేది దీనికే, లెక్కలున్నవి గనుక. డెల్టావాసికి బెదురవసరం లేదు. నోట మింగిన మందు పేగులో ఇంకి, నేరుగా గుండెకు పోదు. ముందు కాలేయం గుండా పోవాలె. రేవు దాటే సరుకుకు ఆశీలు వసూలు చేసినట్లు కాలేయం తన వంతు పుచ్చుకొని తక్కినది వదులుతుంది. కొన్ని మందులకు ఆ ఆశీలు నూటికి తొంబై దాకా పోతుంది. గుండెనొప్పికి వాడే నైట్రోగ్లిజరిన్‌ను మింగక నాలుక క్రింద పెట్టుకొమ్మనడం ఇందుకే. నాలుక క్రింది రక్తనాళాల దారి వేరు. ఆ దారిలో రేవు లేదు.

రక్తంలో చేరిన మందు చెరువులో నీటి వంటిది. చెరువులోకి రోజూ కొంత నీరు వస్తున్నది. తూము గుండా కొంత పోతున్నది. మట్టం పెరిగిన కొద్దీ తూములో జోరు పెరుగుతుంది. రాకకు పోక సమానమైన నాడు మట్టం నిలుస్తుంది. ఉన్న మందులో సగం వెళ్ళిపోవడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. మట్టం నిలవడానికి నాలుగైదు అర్ధాయువులు పడుతుంది: ఒకటికి సగం, రెంటికి ముప్పాతిక, నాలుగింటికి నూటికి 94 పాళ్ళు. పారసిటమాల్ అర్ధాయువు సుమారు రెండు గంటలు. హృద్రోగులకిచ్చే డిజాక్సిన్‌కు సుమారు ఒకటిన్నర రోజు. అనగా రోజూ వేసుకొంటూ పోతే మట్టం నిలిచేసరికి వారం. మూడవనాడు గుణం కనబడలేదని మాత్ర రెట్టింపు చేసిన తొందరపాటు వైద్యుడు, వారం చివర ఏమి చూస్తాడో చెప్పనక్కరలేదు. డిజాక్సిన్‌కు మేలు చేసే కొలతకూ కీడు చేసే కొలతకూ నడుమ దూరం చాల తక్కువ. వృద్ధులలో మూత్రపిండాలు మందగిస్తాయి; అనగా తూము పూడిపోతుంది. వయస్సులో ఉన్నప్పుడు సరిపోయిన మాత్రే అప్పుడు ఎక్కువవుతుంది.

అందరి తూములూ ఒక్క తీరువి కావని మొదట స్పష్టంగా చూపిన పరిశోధనలలో కొన్ని మదరాసులో జరిగినవి. 1956లో అక్కడ స్థాపించిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రంలో ఐసోనియాజిడ్ మందును రోగుల దేహం ఎంత వేగంగా నిర్వీర్యం చేస్తుందో కొలిచారు. కొందరి కాలేయం చురుకు, కొందరిది నెమ్మది. అది పుట్టుకతో వచ్చిన గుణం. వారానికొకసారి మాత్రమే మందు ఇచ్చిన పద్ధతిలో చురుకువారికి ఫలితం తక్కువ. నెమ్మదివారికి నరాల తిమ్మిరి వచ్చే అవకాశం ఎక్కువ. ఒకే బడి పిల్లలకు ఒకే కొలత చొక్కాలు కుట్టించినట్లు దేశమంతకూ ఒకే మాత్ర వ్రాయడం ఎంతవరకు న్యాయమో ఆలోచింపదగినది.

ఈ శాస్త్రం గురించి తెలుగువాడు మాట్లాడుతూ ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు తలవకపోవడం పొసగదు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ పరీక్ష గట్టెక్కింది మూడవ ప్రయత్నంలో. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి, శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టాతో బయటపడ్డాడు. సోదరులు స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో మరణించారు. ఆయనకూ ఆ వ్యాధి వస్తే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకొన్నాడు. ఆ లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం పాఠాలు చెప్పాడు. 1922లో బోస్టన్ చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి దేహంలోని ఫాస్ఫరసును కొలిచే పద్ధతి కనుగొన్నాడు. 1925 నాటి ఆ పద్ధతిని జీవరసాయన విద్యార్థులు నేటికీ వారిద్దరి పేరిట చదువుకొంటున్నారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళి, అక్కడి పరిశోధనకు నాయకుడైనాడు.

బొంబాయిలో 1930 ప్రాంతాల లూసీ విల్స్ అనే వైద్యురాలు, రక్తహీనతతో బాధపడే గర్భిణీ స్త్రీలకు ఈస్టు సారం తినిపిస్తే వారు కోలుకోవడం చూచింది. ఆ సారంలోని గుణమేదో పదునైదేండ్ల తరువాత తేలింది: ఫోలిక్ ఆమ్లం. 1945లో సుబ్బారావు బృందం దానిని ప్రయోగశాలలో తయారు చేసింది. రక్తకణాలు వృద్ధి కావడానికి అది ఆహారం. అయితే రక్తకణాలు వెర్రిగా పెరిగే ల్యుకేమియాలో? బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆమ్లపు సంబంధి పదార్థాలిచ్చిన రోగులలో వ్యాధి మరింత చెలరేగడం గమనించాడు. పోషించేది రోగాన్నీ పోషిస్తున్నది! అయితే పోలికలో ఫోలిక్ ఆమ్లమే అయి, పనిలో దానికి శత్రువైనది కావలె. లెడర్లీ నుంచి అట్టిది వచ్చింది, పేరు ఎమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. అంతవరకు ఆ జబ్బుకు మందన్నదే లేదు. ఆ పిల్లలు బ్రతికి బట్టకట్టలేదు. గడువు మాత్రం దొరికింది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు యాభైమూడేండ్ల వయస్సులో మరణించాడు.

ఎమినోప్టెరిన్‌కు తమ్ముడు మెథోట్రెక్సేటు. నేడు కీళ్ళవాతానికి తెలుగు జిల్లాలలో ఎందరో వాడుతున్న మందు ఇదే. మాత్ర అన్న మాటకు అర్థం తెలియాలంటే దీనిని చూడాలె. కీళ్ళవాతానికి దీనిని వారానికి ఒక్కసారే పుచ్చుకోవాలె. రోజూ వేసుకొనే మందులకు అలవాటుపడిన ముసలివారు పొరపాటున దీనిని కూడ రోజూ వేసుకొని, నోరు పూసి, రక్తకణాలు పడిపోయి మరణించిన ఉదంతాలు దేశదేశాల వైద్య పత్రికలలో నమోదైనవి. అదే బిళ్ళ, అదే పరిమాణం, వేళ మారింది. చీటీ మీద ‘సోమవారం మాత్రమే’ అని తెలుగులో వ్రాసి, రోగి చేత చదివించి చూచే వైద్యుడు ఔషధశాస్త్రం బాగా చదువుకొన్నవాడు.

సుబ్బారావు బృందం 1947లో ప్రకటించిన మరొక మందు మాత్రం సముద్రాలు దాటి నేరుగా కృష్ణ ఒడ్డుకు వచ్చింది. దాని పేరు డైఇథైల్‌కార్బమజిన్; లెడర్లీ వారు హెట్రజాన్ అన్నారు; ప్రభుత్వ వైద్యులు పొట్టిగా డి.ఇ.సి. అంటారు. ఇది బోదకాలు మందు. కోస్తా జిల్లాలకు ఈ వ్యాధి పాత కాపు. కారణం దారం వంటి పురుగు. వాహనం మురికి నీట పెరిగే క్యూలెక్స్ దోమ. పెద్ద పురుగులు రసనాళాలలో కాపురముండి, పిల్ల పురుగులను రక్తంలోకి వదులుతాయి. ఆ పిల్లలు పగలు ఊపిరితిత్తులలో దాగి, దోమ కుట్టే వేళకు, అనగా రాత్రి పదింటి నుంచి రెండింటి లోపల, చర్మం వద్దకు వస్తాయి. అందువల్లనే పరీక్షకు నెత్తురు తీసేవారు ఊరు నిద్రపోయే వేళకు లాంతరు పట్టుకొని రావలసి వచ్చేది. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ పథకం ఆరంభమైంది.

ఈ మందులో ఒక వింత ఉన్నది. పిల్ల పురుగులను గాజు గొట్టంలో పెట్టి మామూలు పాళ్ళలో డి.ఇ.సి. పోస్తే, అవి హాయిగా ఈదుతూనే ఉంటాయి. అదే మందును మనిషికి ఇస్తే కొద్ది గంటలలో రక్తం నుంచి మాయమవుతాయి. మందు తానై చంపదు. పురుగును దేహానికి పట్టిస్తుంది, దేహం చంపుతుంది. ఎట్లా పట్టిస్తుందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలిన విషయం కాదు. లెడర్లీ వారు గాజు గొట్టంతో తృప్తిపడి ఉంటే ఈ మందును పారవేసి ఉండేవారు. పత్తి ఎలుకలలో పరీక్షించారు గనుక దక్కింది. మందు, రోగం అన్న రెంటి లెక్కకు మూడవదిగా రోగి దేహాన్ని చేర్చుకోవాలన్నది దీనివల్ల విద్యార్థి నేర్చుకొనే పాఠం.

2004 నుంచి ఏటా వ్యాధి ఉన్న జిల్లాలలో ఇంటింటికీ ఈ మాత్రలు పంచడం మొదలైంది. పదునైదేండ్లు దాటినవారికి వంద మిల్లీగ్రాముల మాత్రలు మూడు, తోడుగా ఆల్‌బెండజోల్ ఒకటి. రెండేండ్లు నిండని పసివారికీ, గర్భిణులకూ, తీవ్ర రోగులకూ ఇవ్వరు. పురుగు రక్తంలో ఉన్నవారిలో అధిక సంఖ్యాకులకు కాలు వాయదు, జ్వరం రాదు. వారు ఆరోగ్యవంతుల వలెనే తిరుగుతూ దోమలకు పురుగును అందిస్తుంటారు. అందుకే ఒక్కరినీ వదలక ఊరందరి చేతా మింగించడం. అయితే మాత్రలు చేతిలో పెట్టడం వేరు, గొంతు దిగడం వేరు. చూరులో దోపినవీ, దూలం మీద పెట్టినవీ, పెరట్లో పారవేసినవీ ఎన్నో. కారణం అజ్ఞానమని కొట్టిపారవేయడం సులభం. అసలు కారణంలో కొంత న్యాయమున్నది. మాత్ర మింగిన కొందరికి ఆ రాత్రి జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి, వికారం పుడుతుంది. ‘బాగున్నవానికి మందు పెట్టి పడగొట్టారు’ అన్న మాట ఊరంతా వ్యాపిస్తుంది. మందు అన్న మాటలోని ఆ పాత అర్థమే మళ్ళీ తల ఎత్తుతుంది.

ఈ ఒడ్డున పుట్టి పెరిగి ఔషధశాస్త్రం చదివిన పిల్లవాడు సెలవులకు ఇంటికి వచ్చి, అరుగు మీద ఈ మాట విన్నాడనుకొందాం. అర్ధాయువు, గ్రాహకం, ప్రతిరోధకం అన్న మాటలు అక్కడ చెల్లవు. పురుగులు లేనివానికి ఈ మందు వల్ల అంతటి జ్వరం సాధారణంగా రాదు. లోపల పురుగులు ఒక్కసారిగా చచ్చి కరుగుతున్నప్పుడు దేహం చేసే అలజడే ఆ జ్వరం. పురుగులెన్ని ఎక్కువైతే జ్వరం అంత ఎక్కువ. కనుక అతడు చెప్పవలసింది ఇదే: “బాబాయ్, నీకు మాత్ర పడక జ్వరం రాలేదు. నీ ఒంట్లో పురుగులు ఉన్నవి గనుక వచ్చింది. రాత్రికి ఒక పారసిటమాల్ వేసుకొని పడుకో; ఒకటి రెండు రోజులలో తగ్గుతుంది. వచ్చే ఏడు మళ్ళీ వేసుకో. అప్పటికి పురుగులు తగ్గితే జ్వరమూ తగ్గుతుంది.”

బాబాయి నమ్ముతాడా అన్నది వేరే సంగతి. మింగకుండా దాచిన రెండవ మనిషి మాత్రలు ఇంకా చూరులోనే ఉన్నవి.